వంతెన దాకా మాట్లాడకూడదు

వచ్చే వారం నుంచి నేను రాను మేడమ్, అని బస్సెక్కుతూనే నా చెవిన వేసి కిటికీ పక్కన కూర్చుండిపోయింది పిన్నీసు. ఎందుకని అడిగేలోగా బస్సు కదిలింది. కదిలిందంటే ఇక వంతెన దాకా ఎవరూ మాట్లాడకూడదు, అది ఈ బస్సు కట్టుబాటు, పెట్టింది నేను కాదుగాని ఇన్నేళ్ళుగా కాపలా కాస్తున్నది నేనే, కనక నోరు మూసుకుని ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను. నోరు మూసుకోవడం నాకు చేతకాని పని. మేడమ్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని వెనక సీట్లవాళ్ళు చెప్పుకుంటారని తెలుసు, నిజమే, ఇప్పుడూ ఉంది, ఎవరి మీదో మాత్రం తెలియడం లేదు. వృద్ధాశ్రమం గేటు దాటిపోయింది, మలుపులో దాని పసుపు గోడ కూడా పోయింది, నేను ఎప్పట్లాగే తల తిప్పి చూడలేదు. పిన్నీసూ చూడలేదు, అది కొత్త. ప్రతివారం మలుపు తిరిగేదాకా మేడమీది కిటికీకేసి చెయ్యి ఊపుతూనే ఉండే పిల్ల ఇవాళ మెడ బిగించుకుని ముందు సీటు వీపునే చూస్తోంది. ఆ వీపు మీద యూనివర్సిటీ క్షేమ విభాగం వాళ్ళు అంటించిన కాగితం ఉంది, మీ మనసు బాగోలేదా, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని. నంబరు చివర ఎవరో గోటితో గీకేశారు. మనసు బాగోలేనివాళ్ళే గీకి ఉంటారు.

ఈ పిల్లకి పిన్నీసన్న పేరు వాళ్ళ నాన్న వల్ల వచ్చింది, ఆయన దర్జీ, దాంతో సంచిలో ఎప్పుడూ గుప్పెడు పిన్నీసులు, ఎవరి బ్యాగు పట్టీ తెగినా ఎవరి గుండీ ఊడినా దీని దగ్గరికే పరుగు. రెండో ఏడాది పిల్లలు వీళ్ళంతా. వారానికో మధ్యాహ్నం ఆశ్రమానికొచ్చి పెద్దవాళ్ళకి పేపరు చదివి పెడతారు, గోళ్ళు కత్తిరిస్తారు, చెప్పిన కథే చెబితే కొత్తగా విన్నట్టు వింటారు, వెనక్కెళ్ళాక ఏం నేర్చుకున్నారో క్లాసులో మాట్లాడతారు. ఈ కోర్సుకి ఇప్పుడు నోరు తిరగనంత పేరు పెట్టారు, బోర్డు మీద రెండు వరుసల్లో గాని పట్టదు. మా రోజుల్లో ఊరికే బయటి చదువు అనేవాళ్ళం. ఇవాళ బయటి చదువుందా అంటే ఉంది, పాత చెప్పులు వేసుకురా, అంతే. పాత చెప్పులు ఎందుకంటే మేం వెళ్ళే చోట్ల బురద. అప్పటి మా బస్సు గుర్తొస్తే ఇప్పటికీ ముక్కులో డీజిలు వాసన, తడి గొడుగుల వాసన. దాని తలుపు సరిగ్గా పడేది కాదు, ఆ తలుపు దగ్గర రాడ్డు పట్టుకుని మా మేడమ్ నిలబడేది, అందరూ ఎక్కి కూర్చునేదాకా తను కూర్చునేది కాదు, ఒక్కొక్క మొహం చూసి లోపలికి పంపేది. అందుకే వెనకనుంచి ఆవిడ్ని కండక్టరమ్మ అనేవాళ్ళం. ముందునుంచి అనే ధైర్యం ఎవరికుంది. ఆవిడ కూడా అందరికీ పేర్లు పెట్టింది, నన్ను ఉడతా అనేది, కుదురుగా కూర్చోనని. ఒకమ్మాయిని కందిరీగ, ఇంకో అబ్బాయిని నిదానం. నిదానం బస్సెక్కగానే నిద్రపోయేవాడు, మెలకువగా ఉన్నప్పుడు కూడా పెద్ద తేడా తెలిసేది కాదు. కందిరీగ పాడేది, గొంతు బాగుండేది కాదు, బాగోలేదని చెబితే ఇంకా గట్టిగా పాడేది. ఎక్కడున్నారో ఇద్దరూ. ఉన్నచోట చల్లగా ఉంటే చాలు.

మాట్లాడకూడదన్న కట్టుబాటు కండక్టరమ్మదే. బయటి చదువు నుంచి వచ్చేప్పుడు వంతెన దాకా ఎవరూ నోరెత్తకూడదు, ఏడ్చేవాళ్ళు ఏడవొచ్చు, పక్కవాళ్ళు చూడకూడదు, ఓదార్చకూడదు. వంతెన మీద బస్సు గడగడలాడేది, ఆ చప్పుడు అయిపోయాక ఆవిడ వెనక్కి తిరిగి, ఊఁ, ఇవాళ మీతో బస్సెక్కిందెవరు అని అడిగేది. మొదట్లో మాకు అర్థం కాలేదు. మీరు వదిలేసి వచ్చాననుకున్నా వదలకుండా వెంట వచ్చిన మనిషి ఎవరు, ఎవరి మొహం వచ్చింది, అది చెప్పండి అనేది. నీకెలా ఉంది అని ఒక్కసారి కూడా అడగలేదు. నీకెలా ఉంది అంటే బాగానే ఉంది అంటారు, లోకంలో అందరూ అబద్ధమాడే ప్రశ్న అదొక్కటే అనేది. ఇప్పుడు క్షేమ విభాగం వాళ్ళు పిల్లల ఫోన్లకి అయిదు మొహాల బొమ్మలు పంపుతారు, నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా, ఈ రోజు మీరు ఏ మొహమో నొక్కండి అని. పిల్లలు తెలివైనవాళ్ళు, అందరూ మూడోది నొక్కుతారు. మొదటిది నొక్కితే ఎవరూ నమ్మరు, అయిదోది నొక్కితే ఎవరో ఫోన్ చేస్తారు. ఆ విభాగంలో అబ్బాయి మంచివాడే, నెమ్మదస్తుడు, పాపం ఒక్కడూ అంతమందిని చూసుకోవాలి. ఏ పిల్లకి కష్టమనిపించినా చోటు మార్చేయండి మేడమ్, వాళ్ళకి భారం కాకూడదు కదా అంటాడు. రేపు ఆఫీసుకెళ్ళి పిన్నీసు గురించి చెబితే అదే అంటాడు, లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేసే పని ఇప్పిస్తాడు, మార్కులు కూడా పోవు. ఎవరూ ఈ పిల్లని ఒక్క మాటనరు. అది కూడా బాగానే ఉంటుంది గదా అని ఒక్క క్షణం అనుకున్నాను, అనుకున్నందుకు నా మీద నాకే చిరాకేసింది.

బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. పక్కన సైకిళ్ళు బాగుచేసే షాపు, ఒకాయన చక్రాన్ని తలకిందులుగా పెట్టి తిప్పుతున్నాడు, ఊచలు కలిసిపోయి కనపడటం మానేశాయి, తర్వాత మళ్ళీ ఒక్కొక్కటీ కనపడ్డాయి. నాకూ ఇలాగే ఒకసారి ఇక రానని అనిపించింది, అప్పుడు వరదకి ఇళ్ళు పోయినవాళ్ళని ఒక బడిలో ఉంచారు, బెంచీలు గోడకి జరిపి నేల మీద పడకలు వేశారు, అక్కడో చిన్న పిల్లకి నేను అక్షరాలు నేర్పేదాన్ని. గచ్చు మీద బొగ్గుతో రాసేది, నా వేలు పట్టుకుని రాసేది, తన వేలితో తను రాయనంటే రాయనని మొండికేసేది. ఒకరోజు వెళ్ళేసరికి ఆ పడక చుట్టేసి ఉంది. ఎటు వెళ్ళారంటే ఎటో వెళ్ళారన్నారు. అంతే, ఎవరూ చచ్చిపోలేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు, ఒక కుటుంబం వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళింది, దానికి నేను బడి మెట్ల మీద కూలబడి బస్సెక్కనని కూర్చున్నాను. కందిరీగ వచ్చి బతిమాలింది, నిదానం కూడా నిద్ర లేచి వచ్చాడు, అదే పెద్ద విశేషం. కండక్టరమ్మ వాళ్ళని పంపేసి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. బస్సులో అందరూ ఆకలితో నకనకలాడుతున్నారు, ఒక్కరూ హారన్ కొట్టమనలేదు. చివరికి ఆవిడ లేచి దుమ్ము దులుపుకుని, ఏడుపు నీది, బస్సు అందరిదీ, రెంటికీ చోటుంది, ఎక్కు అంది. ఎక్కాను. ఆ మాటలో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు, నేనెంతమంది పిల్లలతో అన్నా అది ఆవిడ అన్నట్టు రాలేదు. ఆవిడ అంటే కొంచెం కసిరినట్టు ఉండేది, నేనంటే ఉపదేశం చేసినట్టుంటుంది.

పిన్నీసు భుజం కదులుతోంది. చూడకూడదు. చూడకుండానే తెలుస్తోంది, ఊపిరి గొంతులో ఆగి ఆగి వెళ్తోంది. ఆకుపచ్చ లైటు పడింది, బస్సు నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది, వంతెన మీద పని జరుగుతోందట, ఒక్క వరుసే వదులుతున్నారు. డ్రైవరు ఇంజను ఆపేసి నా వైపు తిరిగి, అరగంట పట్టేలా ఉంది మేడమ్ అన్నాడు, నియమం డ్రైవరుకి వర్తించదు. ఇంజను ఆగాక ఆ నిశ్శబ్దం మోయలేకపోయినట్టుంది పిల్ల.

"మేడమ్, వంతెన రాలేదు. మాట్లాడొచ్చా?"

"మాట్లాడు తల్లీ. నియమానికేం, దాని సంగతి నేను చూసుకుంటా."

"నేను కిటికీ అమ్మమ్మకి మాటిచ్చేశాను."

మాట ఇవ్వకండి అని మొదటి రోజే చెబుతాను అందరికీ, మళ్ళీ వస్తాననకండి, తీసుకెళ్తాననకండి, తెస్తాననకండి, మీరు మర్చిపోతారు, వాళ్ళు ఎదురుచూస్తారు. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఇస్తారు. చెడ్డపిల్లలు ఇవ్వరు, మంచిపిల్లలే ఇస్తారు, ఎదుటి మనిషి ఏడుస్తుంటే చూడలేక నోటికొచ్చింది అనేస్తారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్న సామెత నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. పిన్నీసే చెప్పుకుంటూ పోయింది, గొంతు చాలా తగ్గించి, వెనకవాళ్ళకి వినపడకుండా.

"ఆవిడ ఎప్పుడూ ఒకటే అడుగుతుంది మేడమ్. బస్సొచ్చిందా, నన్ను దింపేసి వెళ్ళిపోయారా అని. పోయిన వారం బాగా ఏడ్చేసింది. ఏం చెయ్యాలో తెలీక, వచ్చేవారం మిమ్మల్ని మా బస్సులో తీసుకెళ్తానమ్మమ్మా అనేశాను. మర్చిపోతుందిలే అనుకున్నా. పొద్దున ఏం తిన్నదీ గుర్తుండదు కదా ఆవిడకి."

"మర్చిపోలేదా?"

"తల దువ్వుకుని, మంచి బట్టలేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. నన్ను చూడగానే లేచింది. ఇప్పుడే మంచినీళ్ళు తెస్తానని చెప్పి కిందికొచ్చి, వంటింటి వెనక గుమ్మంలోంచి బయటికొచ్చేశాను. బస్సెక్కేప్పుడు చూస్తే గేటు దగ్గర నించుని ఉంది మేడమ్. సంచితో సహా."

గేటు దగ్గర. నేను తల తిప్పి ఉంటే కనపడేది. నేను ఎందుకు తిప్పనో ఈ పిల్లలకి తెలియదు. కిటికీ అమ్మమ్మ వాళ్ళకి కిటికీ అమ్మమ్మే, ఆశ్రమంలో ఎవరూ లేనివాళ్ళలో ఒకరు, మధ్యాహ్నం అయ్యేసరికి కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని రోడ్డు చూసే ముసలావిడ. ఆవిడ కండక్టరమ్మ అని ఈ బస్సులో నాకొక్కదానికే తెలుసు. ఆవిడ ఉందనే ఈ ఆశ్రమాన్ని ఎంచుకున్నాను, ప్రతి ఏడాదీ పిల్లల్లో మెత్తని మనసున్న పిల్లని చూసి ఆవిడ దగ్గరికి పంపుతాను, నేను మాత్రం కింద ఆఫీసు గదిలో మేనేజరు గారితో టీ తాగుతాను. నిరుడు ఒకసారి వెళ్ళాను పైకి. ఆవిడ లేచి నిలబడి, తనిఖీకి వచ్చారా అండీ, అంతా బాగానే చూసుకుంటున్నారు అంది. అండీ అంది నన్ను. కాలు కాలిన పిల్లిలా కిందికొచ్చేశాను. తిట్టినా భరించేదాన్ని, ఆ మర్యాద భరించలేకపోయాను. అప్పట్నించి మెట్లెక్కలేదు, భయం, ఇంకేం కాదు, ఉత్త భయం. ఈ వయసులో, ఇంత తెల్లజుట్టు వేసుకుని.

"ఇంటికి వెళ్దామనుకుంటోందేమో పాపం," అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"ఇల్లు కాదు మేడమ్. ఇల్లన్న మాటే ఎత్తదు. బస్సులో పిల్లలు ఒక్కళ్ళే ఉన్నారు, ఎవరో ఒకళ్ళు ఏడుస్తూ ఉంటారు, నేను లేకపోతే ఎట్లాగే ఉడతా అంటుంది. నన్ను ఎప్పుడూ ఉడతా అనే అంటుంది, ఎందుకో మరి. సంచిలో చూశాను, బిస్కెట్ల పొట్లం, చేతిరుమాళ్ళు, అవే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి ఆవిడ బట్ట లేదు."

కిటికీలోంచి బయటికి చూశాను, ఏమీ కనపడలేదు. బిస్కెట్లు వంతెన దాటాకనే తీసేది, చేతిరుమాళ్ళు మాత్రం వంతెన రాకముందే, అడక్కుండానే సీటు వెనకనుంచి ఒకటి ఒళ్ళో వచ్చి పడేది, ఎవరు వేశారని వెనక్కి తిరిగితే ఆవిడ అప్పటికే తలుపు దగ్గర నిలబడి రోడ్డు చూస్తూ ఉండేది. ఉతికి తిరిగిస్తే పుచ్చుకునేది, ఎందుకు కావలసి వచ్చిందో అడిగేది కాదు. తన పేరు పోయింది, ఉన్న ఊరు పోయింది, నేను పోయాను, బస్సు మాత్రం పోలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఆవిడ వారం వారం చూస్తున్నది బయటికెళ్ళే దారి కోసం కాదు, డ్యూటీ కోసం. అదీ కాక నా పేరు ఈ పిల్లకి ఇచ్చేసింది. ఇచ్చేస్తే ఇచ్చింది, దాని దగ్గర బాగానే ఉంది. అసూయపడ్డాను, ఆ సంగతి కూడా చెప్పాలి, పందొమ్మిదేళ్ళ పిల్ల మీద చిన్నపిల్లలా అసూయపడ్డాను.

"ఆవిడకి మొహం చూపించే ధైర్యం నాకు లేదు మేడమ్. అందుకే రానన్నాను. ఈ చదువుకి నేను పనికిరాను."

ఇక్కడ నేనేదో చెప్పాలి. జీతం ఇచ్చేది ఇందుకే. నీ తప్పేం లేదు అనొచ్చు, అబద్ధం, కొంచెం ఉంది. చోటు మారుస్తాను అనొచ్చు, ఆ అబ్బాయి సంతోషిస్తాడు, ఈ పిల్ల లైబ్రరీలో బుద్ధిగా అట్టలు వేస్తుంది, డిగ్రీ పుచ్చుకుంటుంది, ఉద్యోగం చేస్తుంది, ఎప్పుడో ఎక్కడో వంటింటి వెనక గుమ్మం కనపడితే ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకో ఎవరికీ చెప్పదు. ఇలా వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ ఏ మనిషి దగ్గరికీ పూర్తిగా వెళ్ళరు, చూశాను నేను, అంత మెత్తగా ఉన్నవాళ్ళు రెండేళ్ళలో గట్టిపడిపోతారు, అదే పెద్దరికం అనుకుంటారు. అక్కడ గేటు దగ్గర ఆవిడ, ఎండలో. ఆవిడ మర్చిపోయి లోపలికి వెళ్ళిపోయి ఉంటుందని అనుకోవచ్చు. ఈ పిల్ల కూడా మర్చిపోతుందనే అనుకుంది. ఇద్దరం ఆవిడ మతిమరుపు మీద భారం వేసి బతుకుతున్నామన్నమాట. ఇది తట్టేసరికి లేచి నిలబడ్డాను, ముందు సీటు రాడ్డు పట్టుకుని, ఎందుకు లేచానో కాళ్ళకి తెలిసినంత తలకి తెలియదు.

"బస్సు వెనక్కి తిప్పగలవా అన్నా?"

డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరైనా దిగిపోయారా మేడమ్?"

"దింపేసి వచ్చాం ఒకరిని."

"తిప్పడానికేముంది, ముందుకెళ్ళడం కంటే అదే తేలిక. ఆలస్యమైతే మాత్రం మీరే చెప్పుకోవాలి ఆఫీసులో."

"చెప్పుకుంటాలే. తిప్పు."

వెనకనుంచి ఒక్క మాట లేదు. వంతెన రాలేదు కదా, ఎంత బుద్ధిమంతులో. ఒకడు మాత్రం చెయ్యి పైకెత్తాడు క్లాసులోలాగా, చెప్పు నాయనా అంటే, ఆశ్రమంలో బాత్రూముకి వెళ్ళొచ్చా అన్నాడు, దాంతో అందరూ ఒక్కసారి నవ్వేశారు, పిన్నీసు కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది, నియమం నీళ్ళపాలైంది. బస్సు వంగి వంగి మలుపు తీసుకుంది, సైకిలు షాపు ఈసారి అవతలి పక్కకి వచ్చింది. ఏం చెయ్యబోతున్నాం, ఎక్కించుకుంటామా, మేనేజరు ఒప్పుకుంటాడా, ఎక్కించుకుని ఒక వీధి తిప్పి దింపేస్తే అది ఇంకో అబద్ధం కాదా, నాకేమీ తెలియదు, ఆవిడకైతే ఏం చెయ్యాలో తెలిసి ఉండేదిగాని అడగడానికి ఆవిడ లేదు, ఉండీ లేదు. పిన్నీసు నా చీర కొంగు పట్టుకుని, నేను అబద్ధం చెప్పానని ఆవిడకి చెప్పేస్తాను మేడమ్ అంది. అర్థం కాకపోవచ్చు అన్నాను. అర్థం కాకపోయినా చెప్తాను అంది. ఇదీ పనికిరాని పిల్ల.

పసుపు గోడ వచ్చింది, గేటు వచ్చింది. ఆశ్రమం ఆయమ్మ ఒక కుర్చీ తెచ్చి వేసింది కాబోలు, ఆవిడ దాని పక్కన నిలబడే ఉంది, కూర్చోలేదు, సంచి భుజానికి ఉంది. ఇంత చిన్నదైపోయిందా ఆవిడ. ఎన్నిసార్లు చెప్పినా లోపలికి రాదమ్మా, పిల్లలు రావాలంటుంది, అని ఆయమ్మ దూరం నుంచే నా మీద విసుక్కుంది. పిన్నీసు నన్ను దాటుకుని దిగింది, దిగి రెండడుగుల దూరంలో ఆగిపోయింది, మళ్ళీ నడిచింది. నేను కూడా దిగాలని మెట్టు మీదికొచ్చాను. అంతవరకే వచ్చాను. ఒక కాలు కింది మెట్టు మీద, చెయ్యి రాడ్డు మీద, ఇక ముందుకు పడటం లేదు, తనిఖీకి వచ్చారా అండీ అని ఇంకోసారి అంటే ఏం చెయ్యను, అదొక్కటే చెవుల్లో మోగుతోంది. పిన్నీసు మాటలు వినపడుతున్నాయి, నీళ్ళు తెస్తానని అబద్ధం చెప్పాను అమ్మమ్మా, వెనకనుంచి వెళ్ళిపోయాను, తీసుకెళ్తానని కూడా ఊరికే అన్నాను, తప్పయింది. ఆవిడ విన్నదో లేదో. వింటున్నట్టు తల ఊపుతూనే ఆ పిల్ల భుజం మీదుగా బస్సులోకి చూస్తోంది, కిటికీల్లో ఒక్కొక్క మొహం, వెనకనుంచి ముందుకి, ఎవరినీ వదలకుండా. చూపు నా దగ్గరికొచ్చి ఆగింది. గుర్తుపట్టలేదు. కళ్ళల్లో ఏమీ మెదల్లేదు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టే చూసింది, కానీ చూపు మాత్రం తిప్పుకోలేదు.

"నీ సంగతి తర్వాత చూద్దాంలేవే," అంది పిన్నీసుతో, కొంచెం కసిరినట్టు. "ముందు ఆ అమ్మాయిని చూడు. మెట్టు మీద నించుండిపోయింది. దిగడానికి భయపడుతోంది."

పిన్నీసు వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"వెళ్ళి చెయ్యి పట్టుకో. ఎందుకని అడక్కు, ఊరికే పట్టుకో."

వచ్చే వారం నుంచి రానన్న పిల్ల బస్సు దగ్గరికొచ్చి, ఏమీ అడక్కుండా, నా చెయ్యి పట్టుకుంది. దిగాను.